వడ్ల మీద ఆడిన మొదటి ఆట

మా ఫుట్‌బాల్ టీమ్ గురించి నేను మొదటిసారి విన్నది ఒక మోకాలికి కరెంటు పెడుతున్నప్పుడు.

అప్పట్లో సూర్యాపేటలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పని చేసేదాన్ని. ఇల్లు కోదాడ. పొద్దున్నే బస్సెక్కి రావడం, సాయంత్రం బస్సెక్కి పోవడం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నడుము పట్టేసిన రైతులు, మెడ నొప్పి లారీ డ్రైవర్లు, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లు. ఆ మోకాలు మాత్రం మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే ఒక పెద్దాయనది. అరవై దాటిన మనిషి. కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడి చెడగొట్టుకున్నారట. తర్వాత టీమ్‌లో అందరూ ఆయన్ని మిల్లు సార్ అన్నారు కాబట్టి నేనూ ఇక్కడ అలాగే అంటాను.

"అమ్మా, ఒక మాట అడుగుత. నవ్వొద్దు," అన్నారాయన.

"అడగండి సార్."

"నేనొక ఫుట్‌బాల్ టీము పెడుతున్న. ఉత్తగ సరదాకు గాదు. నెల నెల జీతమిచ్చి, కోచ్‌ను పెట్టి, రాష్ట్ర లీగ్‌ల ఆడిపించే టీము. పోరగాండ్లకు దెబ్బలు తాకుతయి గదా. నువ్వు జర వాళ్ల కాళ్లు సూస్తవా?"

నాకు నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వేశారు.

"ఇక్కడ ఫుట్‌బాల్ ఎవరు ఆడతారు సార్? సందు సందుకీ క్రికెట్టే కదా."

"ఆడుతరమ్మా. మనకు కనిపియ్యరు, అంతే."

ఆ మాట నన్ను పట్టుకుంది. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తూనే ఉన్నాను. ఎక్కడ ఆడుతుంటారు? ఏ కాలువగట్టు వెనక, ఏ బడి గోడ అవతల? పొలాల మీద ఎండ పలచబడుతోంది. దూరంగా ఎవరో పరుగెత్తుతున్నట్టు అనిపించి తల తిప్పి చూశాను. ఒక కొంగ, అంతే.

ఇంట్లో చెబితే అమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టింది. "ఏంటే, పొద్దస్తమానం మగపిల్లల కాళ్లు పట్టుకునే ఉద్యోగమా? దానికా నిన్ను అంత చదివించింది?"

"దానికే చదివించావు అమ్మా," అన్నాను. పొద్దున పూట ఒక్క నెల చూసి మానేస్తానని ఒప్పించాను.

జనవరిలో ఒక సోమవారం మొదటిసారి గ్రౌండ్‌కి వెళ్లాను. ఆ రోజు మంచు ఎంత దట్టంగా ఉందంటే బస్సు కోదాడ నుంచి సూర్యాపేట దాకా లైట్లు వేసుకుని నడిచినట్టే వచ్చింది. నేను సగం నిద్రలో ఉన్నాను. అద్దానికి అవతల చెట్లు, ధాబాలు, పెట్రోలు బంకులు ఒక్కొక్కటే దగ్గరికి వచ్చి, ఏమీ చెప్పకుండా వెళ్లిపోయాయి. గ్రౌండ్ ఊరి చివర. గేటు దొరికింది కానీ గ్రౌండ్ దొరకలేదు. అంతా తెలుపు. ఆ తెలుపులో ఎక్కడో ధప్, ధప్ అని చప్పుడు. కాసేపటికి మోకాళ్ల కింద ఏమీ లేని మనుషులు కొందరు నా ముందు నుంచి పరుగెత్తి మళ్లీ మాయమయ్యారు.

"గాడ్నే నిలబడు బేటీ," అని ఒక గొంతు. "బంతి ఎటు నుంచి వస్తదో మాకే ఎరుక లేదు."

ఆయనే కోచ్. డెబ్బైకి దగ్గరపడ్డ సికింద్రాబాద్ మనిషి. రైల్వేలో ఉద్యోగం చేసి, రైల్వే తరఫున ఆడి, రిటైరైనవారు. మిల్లు సార్ ఆయన్ని బతిమాలి తీసుకొచ్చి సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసిచ్చారు.

"ఇంత మంచులో ఎలా ఆడుతున్నారు సార్?" అని అడిగాను.

"సూసి ఆడుడు అందరికొస్తది. ఇయ్యాల విని ఆడమన్న."

నేను అక్కడే నిలబడి విన్నాను. మెల్లగా తెలిసింది, చప్పుళ్లన్నీ ఒకటి కావని. ఒకరి కాలికి తగిలితే బంతి మెత్తగా పలుకుతుంది, ఇంకొకరి కాలికి తగిలితే పగిలినట్టు పలుకుతుంది. ఎండొచ్చి మంచు కరిగాక ఇరవై ఇద్దరు కనిపించారు. చెప్పొద్దూ, కొంచెం నిరాశ కలిగింది. మంచులో వాళ్లు ఇంకా పొడుగ్గా అనిపించారు.

కోచ్ సార్‌కి పేర్లు గుర్తుండేవి కావు. అందుకని ఊరి పేరు పెట్టి పిలిచేవారు. "ఏ నేరేడుచర్లా, ఎనకకు రా!" "హాలియా, నిద్రవోతున్నవా?" కొన్నాళ్లకు వాళ్లు కూడా ఒకరినొకరు అలాగే పిలుచుకోవడం మొదలుపెట్టారు. కెప్టెన్ హుజూర్‌నగర్. ముప్పై ఒక్కేళ్లు, అందరిలో పెద్దవాడు. ప్రాక్టీసు అయ్యాక వెళ్లి ఆటో నడుపుకునేవాడు. ముందువరసలో ఆడే కుర్రాడిది పెద్దవూర దగ్గర ఒక తండా, అందుకని అతను పెద్దవూర. ఇరవై మూడేళ్లు, ఒంట్లో ఎక్కడా చారెడు కండ అదనంగా లేదు. ఆ మంచులో బంతి మెత్తగా పలికింది అతని కాలి దగ్గరే.

టీమ్‌కి పేరు పెట్టడానికి రెండు వారాలు పట్టింది. ప్రాక్టీసు సూర్యాపేటలో కాబట్టి ఆ పేరే ఉండాలని అక్కడివాళ్లు, మిల్లు సార్ మా ఊరాయన కాబట్టి మా పేరే ఉండాలని మిర్యాలగూడవాళ్లు, అసలు ఫుట్‌బాల్ మొదలైంది మా దగ్గరే అని కోదాడవాళ్లు. ఒక రోజు గ్రౌండ్‌లోనే గొడవ పెద్దదైంది. అప్పుడు కెప్టెన్ బూట్ల తాళ్లు కట్టుకుంటూ అన్నాడు: "మీరు కొట్లాడే మూడూళ్లల్ల మా ఊరు లేనే లేదు. నాకు లేని పరేషాన్ మీకెందుకు?" అందరూ నవ్వారు. గొడవ ఖతం. చివరికి ఏ ఊరి పేరూ లేని పేరొకటి పెట్టారు. రంగు మాత్రం ఎవరూ పోట్లాడకుండానే కుదిరింది. కోతకొచ్చిన వరిచేను రంగు.

గ్రౌండ్ పక్కన రేకుల షెడ్డులో ఒక బెంచీ, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఐసు పెట్టుకునే డబ్బా. అదే నా దవాఖాన. మొదటి వారమంతా కాళ్లు చూశాను. మనిషిని కాలి నుంచి తెలుసుకోవడం అప్పుడు అలవాటైంది. బురదలో నాట్లేసి వేళ్లు విచ్చుకున్న కాళ్లు, క్లచ్చు తొక్కి తొక్కి ఒక పిక్కే బలిసిన కాలు, కాన్వెంటు బడి బూట్లలో నలిగిన చిటికెన వేలు. ఒక్కొక్కరినీ గోడకెదురుగా నిలబెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకి తాకించమనేదాన్ని. చీలమండ ఎంత వంగుతుందో అందులో తెలుస్తుంది.

పెద్దవూర ఎడమ మడమ లేచింది. మళ్లీ చేయమన్నాను. మళ్లీ లేచింది. చేత్తో పట్టుకుని చూస్తే చర్మం కింద ఎముక వంకరగా అతుక్కుని ఉంది.

"ఇది ఎప్పుడైంది?"

అతను బయటికి చూశాడు. ఎవరూ లేరని రూఢి చేసుకుని చెప్పాడు. "చిన్నగున్నప్పుడు బత్తాయి లారీ మీదికెల్లి పడ్డ. నాటు కట్టు కట్టిచ్చిన్రు. నడుస్తున్న, ఉరుకుతున్న. ఏం గాలె."

"నొప్పి ఉండదా?"

"ఉంటది. అలవాటైంది." కాలు వెనక్కి లాక్కుని, "అక్కా, కాయితం మీద రాయకు. నీ కాళ్లు మొక్కుత," అన్నాడు.

రాస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. లీగ్‌కి ఆటగాళ్ల పేర్లు పంపేటప్పుడు ఫిట్‌నెస్ కాగితం మీద నేను సంతకం పెట్టాలి. రాయకపోతే ఆ చీలమండ ఎన్నాళ్లు నిలుస్తుందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ కాగితం నాలుగు రోజులు నా సంచిలోనే ఉంది. బస్సులో పోతూ వస్తూ తీసి చూసేదాన్ని, మళ్లీ పెట్టేసేదాన్ని. ఒక్కోసారి కళ్లు మూసుకుంటే మంచులో ఆ మెత్తటి చప్పుడే వినిపించేది. ఐదో రోజు ప్రాక్టీసులో అతను ఇద్దరిని దాటి, పడబోతూ పడబోతూ గోల్ కొట్టాడు. అందరూ అరిచారు. అతను కూడా నవ్వుతూ లేచాడు. లేస్తూ ఎడమకాలు నేల మీద పెట్టిన ఆ ఒక్క క్షణం అతని ముఖం నేను చూశాను. ఆ పొద్దునే కాగితం నింపాను. ముందు అతనికే చెప్పాను.

"సరే మేడం," అన్నాడు. అక్కా అనలేదు. బూట్లు విప్పి బెంచీ మీద పెట్టి, చెప్పులు వేసుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.

కోచ్ సార్ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివారు. మడిచి నా చేతికిచ్చారు. తర్వాత అడిగారు. "చేతులు సూసినవా?"

"చేతులా?"

"కాళ్లే సూసినవ్, బేటీ. పోదాం పా. ఆదివారం పెద్దవూర పోదాం."

మిర్యాలగూడలో బస్సు మారి, హాలియా మీదుగా వెళ్లాం. తండాలో అడిగితే బత్తాయి తోటలో ఉన్నాడన్నారు. ఎండ బాగానే ఉంది కానీ తోటలోకి అడుగుపెట్టగానే ఆకుపచ్చటి చల్లదనం. కింద నేలంతా ఎండ చిల్లులు చిల్లులుగా కదులుతోంది. గాలికి బత్తాయి వాసన. తోట చివర ఒక లారీ. కింద ఇద్దరు బుట్టల్లోంచి కాయలు తీసి పైకి విసురుతున్నారు. లారీ మీద పెద్దవూర నిలబడి అందుకుంటున్నాడు. ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి, రెండూ ఒక్కసారి. చూడటం కూడా లేదు. పక్కనున్న మనిషితో మాట్లాడుతూనే ఉన్నాడు. కాయలు గాల్లోంచి వచ్చి అతని చేతుల్లో వాలిపోతున్నాయి. ఎంతసేపు చూస్తూ నిలబడ్డామో నాకు గుర్తులేదు. ఒక్క కాయ కూడా కింద పడలేదు.

కోచ్ సార్ వంగి ఒక కాయ తీసుకుని, ఉన్నట్టుండి అతనికి దూరంగా, లారీ అంచుకేసి బలంగా విసిరారు. అతను ఒంగి, చెయ్యి చాచి పట్టుకున్నాడు. ఆ తర్వాత గానీ ఎవరు విసిరారో చూడలేదు.

"ముందల ఉరుకుడు బంద్," అన్నారు కోచ్ సార్ కిందనుంచే. "గోల్ల నిలబడు. రేపొస్తవా?"

పెద్దవూర చేతిలోని కాయని లారీలో పెట్టాడు. చెట్ల మధ్య నుంచి వాళ్లమ్మ వచ్చింది. తలమీద బుట్ట దించి, కొడుకుని తమ భాషలో ఏదో అడిగింది. అతను అమ్మని "యాడీ..." అని పిలిచి ఏదో చెప్పాడు. ఆమె నా వైపు తిరిగింది.

"కాలు గురించి రాసింది నువ్వేనా, బిడ్డా?"

"నేనేనమ్మా."

"బాగైతదా?"

"పూర్తిగా కాదు. నొప్పి తగ్గించగలను. వంకర పోదు."

ఆమె కొంతసేపు నా ముఖం చూసింది. "అందరు బాగైతది, బాగైతది అని చెప్పిన్రు. నువ్వొక్కదానివే కాదన్నవ్," అంది. కొడుకుతో తెలుగులోనే, నాకు వినబడాలని కాబోలు, "పో," అంది. మా ఇద్దరి ఒళ్లోనూ మోయలేనన్ని బత్తాయిలు పోసి పంపింది.

మర్నాడు పెద్దవూర వచ్చాడు. గోల్‌లో నిలబడ్డాడు. కాగితం మీద 'గోల్‌కీపర్‌గా మాత్రమే' అని చేర్చి సంతకం పెట్టాను. కుడివైపు వచ్చిన ప్రతి బంతీ అతనిదే. ఎడమవైపు ఎగరాలంటే ఎడమ పాదంతో నేలను తన్నాలి, అక్కడ మాత్రం ఆలస్యమయ్యేది. నాతో అవసరమైనంతే మాట్లాడేవాడు. మేడం, ఐసు కావాలి. మేడం, కట్టు కట్టండి. కోపం ఉందని కాదు, దూరం జరిగాడు.

నెల అన్న ఉద్యోగం నాలుగు నెలలైంది. అమ్మ అడగడం మానేసింది.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాక కోచ్ సార్ అందరినీ నాగార్జున సాగర్ తీసుకెళ్లారు. డ్యాం చూడటానికి కాదు, ఎడమ కాలువలో నిలబెట్టడానికి. పొద్దున ఆరింటికి, మెట్లున్న చోట, నడుము లోతు నీళ్లలో ఇరవై ఇద్దరూ గుండ్రంగా నిలబడి బంతి అందించుకున్నారు. నీళ్లు చల్లగా, మెల్లగా కదులుతున్నాయి. బంతి ఎవరి చేతికీ చిక్కకుండా నీళ్ల మీద కొంతదూరం కొట్టుకుపోతే అందరూ దాని వెంట అలాగే నడిచారు, పరుగెత్తలేక, కలలో నడిచినట్టు. నేను మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాను. ఆ టీమ్ ఏనాడూ ఒక్క ఆట కూడా ఆడకపోయినా ఫర్వాలేదనిపించింది నాకు ఆ పొద్దున. ఎవరికీ చెప్పలేదు. చెబితే మిల్లు సార్‌కి గుండె ఆగేది.

మొదటి ఆట నవంబరులో, మిర్యాలగూడలో పెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చే టీమ్‌తో. ముందు రోజు మధ్యాహ్నం మేం గ్రౌండ్ చూడటానికి వెళ్లాం. గేటు తీసేసరికి గ్రౌండ్ లేదు. ఈ గోల్ నుంచి ఆ గోల్ దాకా వడ్లు. కోతల కాలం, మార్కెట్ యార్డు నిండిపోయి, రోడ్లు నిండిపోయి, రైతులు వడ్లు తెచ్చి ఇక్కడ ఆరబోశారు. గోల్ స్తంభానికి ఎవరో చద్దిగిన్నె తగిలించారు. ఎండలో ఆ వడ్ల రంగు, మా జెర్సీల రంగు ఒకటే. మావాళ్లు దాని అంచున నిలబడితే ఎక్కడ వడ్లు అయిపోయి ఎక్కడ మనుషులు మొదలయ్యారో తెలియలేదు.

మిల్లు సార్ పక్కనున్న మనిషి, "సార్, ఒక్క మాట చెప్తే ఎత్తేస్తరు," అన్నాడు. మిల్లు సార్ గుప్పెడు వడ్లు తీసి అరచేతిలో చూసుకున్నారు. ఆ వడ్లు ఆయనలాంటి వాళ్ల మిల్లులకే పోవాలి. ఆ సంగతి ఆయనకి తెలుసు, రైతులకీ తెలుసు.

కెప్టెన్ అన్నాడు: "ఎట్ల తియ్యమంటం సార్? మా ఇంటి వడ్లు గూడ గిట్లనే రోడ్డు మీదున్నయి. రేపటికి ఆరితే వాళ్లే తీస్తరు. లేకుంటే ఆట ఎల్లుండి ఆడుదం."

అంతలో గాలి మారింది. పడమటి దిక్కున ఆకాశం నల్లబడుతుంటే రైతులు ఒక్కసారిగా లేచారు. ఒక మూల నుంచి ఎవరో "వానొస్తున్నది!" అని అరిచారు. కెప్టెన్ ఇంకేమీ అనకుండా చెప్పులు విడిచి వడ్లలోకి దిగాడు. అతని వెంట మిగతావాళ్లు. పారలు చాలక ప్లాస్టిక్ కుర్చీలతో తోశారు, చేతులతో తోశారు. నేనూ, ఒక రైతు భార్యా కలిసి టార్పాలిన్ అంచు పట్టుకుని పరుగెత్తాం. పెద్దవూర కుప్ప మీద రాళ్లు పెడుతూ, "మేడం, ఇటు గుంజు! ఇటు!" అని అరిచాడు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని మిల్లు సార్ కూడా ఒక చీపురు పట్టుకున్నారు. మొదటి చినుకులు పడేసరికి ముప్పాతిక వంతు కప్పేశాం. మిగిలింది తడిసింది. అందరం టార్పాలిన్ల కింద, కుప్పల పక్కన ఒదిగి కూర్చున్నాం. వెచ్చటి వడ్ల వాసన, పైన చినుకుల చప్పుడు. పక్కనున్న ముసలి రైతు కెప్టెన్‌ని అడిగాడు. "మీరు ఎవల తరఫున వచ్చిన్రు, బిడ్డా?"

"ఎవల తరఫున గాదు పెద్దయ్యా. రేపు ఈడ బంతాట ఉన్నది."

"గట్లనా? అయితే సూస్తం," అన్నాడు ముసలాయన.

మర్నాడు ఆట సాయంత్రం నాలుగింటికి జరిపారు. కుప్పలన్నీ గీతల అవతలికి చేరాయి. రైతులు వాటి మీదే కూర్చున్నారు. అదే మా మొదటి గ్యాలరీ. నేలంతా తడి గింజలు అతుక్కుపోయి, ఎండ పడి మెరుస్తోంది. హైదరాబాద్ ఆటగాళ్లు ఖరీదైన బూట్లతో జారి జారి పడ్డారు. మావాళ్లు కూడా పడ్డారు. ఒక్కో జెర్సీకి వీపంతా వడ్లే.

సగం ఆటలో ఒక ముసలమ్మ గోల్ ముందుకి నడిచి వచ్చి, వంగి గింజలు ఏరుకోవడం మొదలుపెట్టింది. రిఫరీ విజిల్ వేశాడు. ఆమె తలెత్తలేదు. అతను దగ్గరికొచ్చి, "అమ్మా, బయటికి వెళ్లాలి, ఆట జరుగుతోంది," అన్నాడు.

"మీ ఆట మీరాడుకోండ్రి. నా గింజలు నేనేరుకుంట," అందామె.

పెద్దవూర గ్లోవ్స్ తీసేసి ఆమె పక్కన కూర్చున్నాడు. రెండు చేతులా గింజలు ఎత్తి ఆమె ఒడిలో పోశాడు. నాలుగు దోసిళ్లు. తర్వాత, "ఇగ సాలు అవ్వా. జర పక్కకు కూసో," అన్నాడు. ఆమె లేచి స్తంభం పక్కకి వెళ్లి కూర్చుంది. రెండు టీములూ, రిఫరీ, అంతసేపూ ఊరికే నిలబడి చూశారు.

రెండో సగంలో హైదరాబాద్‌వాళ్లు గోల్ కొట్టారు. ఎడమ మూలకి. పెద్దవూర ఎగిరాడు, వేళ్లు అందలేదు. రైతులకి ఎవరు ఎవరో తెలియదు, బంతి వలలో పడింది కాబట్టి కుప్పల మీద నిలబడి చప్పట్లు కొట్టారు. మా టీమ్ చరిత్రలో మొదటి చప్పట్లు మా మీద పడిన గోల్‌కే. ఆట అలాగే అయిపోయింది, ఒకటి సున్నాతో ఓడిపోయాం. మిల్లు సార్ కళ్లు తుడుచుకుంటూ అందరితోనూ చేతులు కలిపారు, అవతలి టీమ్ డ్రైవర్‌తో సహా.

షెడ్డులాంటిదేదీ లేదు కాబట్టి గోడ పక్కన టార్పాలిన్ పరిచి కూర్చున్నాను. పెద్దవూర వచ్చి ఎడమకాలు నా ముందు చాపాడు.

"ఇంకో జానెడైతే అందుతుండె, అక్కా."

పది నెలల తర్వాత ఆ మాట. నేను ఐసు కట్టడం ఆపలేదు. ఆపితే కళ్లనీళ్లు వచ్చేవి. "జానెడు నా వల్ల కాదు," అన్నాను. "రోజూ పొద్దున అరగంట ముందొస్తే నాలుగు వేళ్లు ఇవ్వడానికి చూస్తా."

"నాలుగేళ్లా?"

"ఏళ్లు కాదు, వేళ్లు." చెయ్యి చూపించాను. అతను గట్టిగా నవ్వాడు.

రోజూ వచ్చాడు. మెట్టు అంచున పాదం పెట్టి మడమ దించడం, రబ్బరు పట్టీ లాగడం, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడటం. నాలుగు వేళ్లు రాలేదు. రెండు వచ్చాయి. ఆ రెండు వేళ్లతో అతను ఆపిన బంతులు నేను లెక్కపెట్టలేదు కానీ, ఒకటి మాత్రం గుర్తుంది. కోదాడలో. మొదటిసారి గెలిచిన ఆట. ఆఖరి నిమిషంలో ఎడమ మూలకి వచ్చిన బంతి అతని వేలి కొసలకి తగిలి స్తంభానికి కొట్టుకుని బయటికి పోయింది. మా అమ్మ నాకు తెలియకుండా వచ్చి వెనక వరసలో కూర్చుందట. బయటికొచ్చాక దొరికింది. "ఆ పిల్లాడి కాలేనా నువ్వు పట్టుకున్నది?" అంది. అవునన్నాను. "మరి చెప్పవేంటే, మనింటికి భోజనానికి తీసుకురా," అంది.

మొదటి ఏడు లీగ్‌లో అడుగు నుంచి రెండో స్థానం. రెండో ఏడు మధ్యలో ఎక్కడో. కోచ్ సార్‌కి చూపు తగ్గి, కూతురి దగ్గరికి సికింద్రాబాద్ వెళ్లిపోయారు. వెళ్లేరోజు షెడ్డులోకి వచ్చి, నా చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూశారు. "అచ్ఛా," అన్నారు. అంతే. ఆయన ఏం చూశారో అడగలేదు.

మూడో ఏడు పెద్దవూర చీలమండ పూర్తిగా బిగుసుకుపోయింది. నేను మొదటి రోజు నుంచీ ఎదురుచూసిన సంగతే, అయినా ఆ కాగితం బయటికి తీసి మళ్లీ సంచిలో పెట్టబోయాను. ఈసారి అతనే కలం అందించాడు. "రాయి అక్కా. మూడేండ్లు ఆడిన." ఆ వేసవిలో గోల్‌కీపర్లకి శిక్షణ ఇచ్చే కోర్సుకి వెళ్లాడు. రాత పరీక్ష ఉంటుందని భయపడితే పది రోజులు షెడ్డులో కూర్చుని ఎముకల పేర్లు నేర్పించాను. నోరు తిరగని ప్రతి పేరుకీ ఒక బంధువు పేరు పెట్టుకుని గుర్తుంచుకున్నాడు. ప్యాసయ్యాడు. ఇప్పుడు మా కీపర్లు ముగ్గురికీ అతనే గురువు.

నేను ఆసుపత్రి పని మానేసి పూర్తిగా టీమ్‌తోనే ఉంటున్నాను. ఈమధ్య సూర్యాపేటలో జరిగిన ఆటకి పెద్దవూర వాళ్లమ్మ వచ్చింది. కొడుకు ఆడినన్నాళ్లూ ఒక్కసారి కూడా రాలేదు, దెబ్బ తగిలితే చూడలేనని. ఇప్పుడు వాడు ఆడటం లేదు కాబట్టి వచ్చానంది. నా పక్కన బెంచీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. సాయంత్రపు ఎండ గ్రౌండ్ మీద పొడుగ్గా పడి ఉంది, ఆటగాళ్ల కంటే నీడలే ఎక్కువ పరుగెత్తుతున్నట్టున్నాయి.

ఆమె చాలాసేపు చూసి, గోల్ వైపు వేలు చూపించింది. "గాడ ఒక్కడే నిలబడ్డ పిల్లగాడు ఎవల కొడుకు?"

"నల్లగొండ పక్క నుంచి వచ్చాడమ్మా. కొత్తవాడు."

"వాళ్లమ్మ వచ్చిందా?"

"రాలేదు."

"అయితే నేను సూస్త," అందామె. కొంగు భుజం చుట్టూ తిప్పుకుని ముందుకు జరిగి కూర్చుంది. బంతి ఎటు పోయినా, ఎవరు గోల్ కొట్టినా, ఆట అయిపోయేదాకా ఆ పిల్లవాడి మీది నుంచి చూపు తిప్పలేదు.